నీటిలో నడిచిన ముందుబోయీ

శంఖినీపురం కోటకు తూర్పున, సాయంకాలం బురుజుల నీడ వచ్చి పడేంత దగ్గరలో, అద్దాలమడుగు ఉంది. పేరుకు మడుగే గానీ అది చిన్నపాటి సముద్రం. ఆ నీళ్ళకు అల అంటే తెలియదు. పైన మబ్బు కదిలితే అడుగున ఇంకో మబ్బు కదులుతుంది. పైన కొంగల బారు సాగితే కింద మరో కొంగల బారు వెల్లకిలా సాగుతుంది. చుట్టూ ఉన్న ఇప్పచెట్లు, మోదుగుపొదలు, ఎర్రటి కొండకొనలు అన్నీ రెండేసి. మడుగు నడుమ తాబేటి వీపులా ఒక రాతిదిబ్బ. ఆ మధ్యాహ్నం దాని మీద చెక్కపలకల పైన పగడపు రంగు తెరలు దించిన ఒక చిన్న మేనా ఉంది. మేనాలో ఒక మహారాణి, బయట నీళ్ళ అంచున ఒక బోయీ ఉన్నారు.

బోయీ పేరు పోలన. తాతలనాటి నుంచీ రాజుల మేనాలు మోసే వంశం. మేనా బొంగును వాళ్ళు దండె అంటారు. పోలనది వెనక దండె.

మేనాలో ఉన్నావిడ మహారాణి కుముద్వతీదేవి. ఏడాది కిందట ధూమ్రకంఠుడనే మాంత్రికుడు కోటను పట్టుకున్నప్పుడు ఆవిడ మేనా ఎక్కి అడవిదారిన తప్పించుకుంది. ఏడాది పాటు ఖాళీగా ఉన్న సింహాసనం కోట ఎవరి చేతిలో ఉంటే వారిదైపోతుందని ఆ రాజ్యధర్మం. ఆ ఏడాది ఈ సాయంత్రంతో నిండుతుంది. బురుజు మీద పొద్దుగుంకు నగారా మోగేలోగా రాణి వచ్చి సింహాసనం మీద కూర్చోవాలి. దానికి తోడు ఇంకో కట్టుబాటు ఉంది. సింహాసనం కోసం బయలుదేరిన రాణి అది చేరేదాకా నేల మీద కాలు పెట్టకూడదు. పెడితే ఆ పయనం అక్కడితో చెల్లిపోతుంది. అందుకే మేనా, అందుకే దాన్ని మోయడానికి ఇద్దరు బోయీలు.

ఆ ఇద్దరిలో ఒకరు ఇప్పుడు లేరు. అదీ చిక్కు.

ముందు దండె మోసే కుర్రాడి పేరు చెంగన్న అని పోలన ఏడాదిగా అనుకుంటున్నాడు. కాలు విరిగిన తండ్రి బదులు పనిలోకి వచ్చానని చెప్పాడు. మాట తక్కువ మనిషి. అయినా బోయీలకు మాటలతో పని లేదు. వెనకబోయీకి దారి కనబడదు, ఎదురుగా మేనా అడ్డం. దారిని అతనికి ముందుబోయీయే చెబుతాడు, అదీ నోటితో కాదు, దండెతో. దండె ఎడమకు ఒరిగితే ఎడమవైపు అడుగు వెయ్యమని. కాస్త కుంగితే ముందు పల్లం ఉందని. వేలితో తట్టిన తట్టు ఆ కొస నుంచి ఈ కొసకు భుజం ఎముకలోకి వినబడుతుంది. ఏడాదిలో వాళ్ళిద్దరూ నోటితో ఆడుకున్న మాటలు దోసిట్లో పట్టేస్తాయి. దండె మీద చెప్పుకున్నవాటికి మాత్రం అంతు లేదు. కొండ ఎక్కేటప్పుడు ఆ ముందు భుజం తన వాటాకన్నా కాసింత ఎక్కువ బరువు తీసుకుంటుందని పోలనకు తెలుసు. ఎప్పుడు అలిసిందో, ఎప్పుడు దేనికో నవ్వుకుందో కూడా తెలుసు. తెలియనిది ముఖమొక్కటే. వెనకబోయీకి కనిపించేది తలపాగా కొస, మెడ వంపు, అంతే.

మొన్న ఉదయం, అడవివైపు ఒడ్డు నుంచి నీటికింది గట్టు మీదుగా మేనా ఈ దిబ్బకు చేరబోతుండగా ధూమ్రకంఠుడు వచ్చాడు. మనిషి ఒంటిని పొగగా మార్చి గొంతులోకి పీల్చేసుకోవడం అతని విద్య. రాణి మీదికి విసిరిన మంత్రానికి చెంగన్న అడ్డం నిలిచాడు. చూస్తుండగానే ఒళ్ళు పొగైపోయింది, మాంత్రికుడి నోట్లోకి పోయింది, తలపాగా ఒక్కటి నీళ్ళ మీద తేలింది. ఒకరు గొంతులో ఉండగా ఇంకొకరిని బలవంతాన పీల్చుకోవడం ఆ విద్యలో కుదరదు. అందుకని మాంత్రికుడు వెకిలిగా నవ్వి, ఒంటి బోయీతో మేనా ఎలా కదులుతుందో చూస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. పోలన మేనాను ఆ మిగిలిన కాస్త దూరం ఈడ్చి దిబ్బకు చేర్చి, పలకల మీద నిలిపి, అప్పుడు నీళ్ళవైపు చూశాడు.

నీళ్ళలో నీడ పోలేదు.

నడుం దాకా విడిపోయిన జుట్టు, పెద్ద కళ్ళు, కుడిభుజం మీద దండె ఒరుసుకుని కాయకట్టిన మచ్చ. చెంగన్న అనే కుర్రాడు కాదు, చెంగల్వ అనే పిల్ల. ముఖం మొదటిసారి చూసేనాటికి ఆ ముఖానికి ఒళ్ళు లేదు.

అప్పటినుంచీ పోలన ఆ నీళ్ళ అంచు వదల్లేదు. అతను కూర్చుంటే నీళ్ళలో అతని నీడ పక్కన ఆమె కూర్చుంటుంది. ఇటు తిరిగి చూస్తే పక్కన ఉత్త రాయి. అతను మాట్లాడితే ఆమెకు వినబడుతుంది కాబోలు, కళ్ళు కదులుతాయి. ఆమె పెదవులు కదిలితే ఇతనికి ఏమీ వినబడదు. ఉండబట్టలేక చెయ్యి చాస్తే, వేలు తగలగానే ఆమె చెదిరిపోతుంది. ఆమె చెదిరిన ప్రతిసారీ అతని ఒళ్ళు కూడా జలదరించేది. అది దుఃఖం వల్ల అనుకున్నాడు. నీళ్ళలో ఆ ఇద్దరూ ఎంత పక్కపక్కనే ఉన్నారంటే, చూస్తున్నకొద్దీ తానెందుకు బయట ఉన్నాడో అతనికి అర్థం కాకుండా పోతోంది.

ఆమె మాటిమాటికీ ఒకటే సైగ చేసేది. కుడిభుజాన్ని అరచేత్తో తట్టేది. నీ భుజం కోసం నా భుజం బెంగపడుతోంది అంటోందని పోలన అర్థం చేసుకున్నాడు. కళ్ళు తుడుచుకుని తానూ తన భుజం తట్టి చూపించేవాడు. ఆమె తల అడ్డంగా ఊపి మళ్ళీ తట్టేది. అతను ఇంకా గట్టిగా తట్టేవాడు.

మేనా తెర కాస్త తొలిగింది. డెబ్బై దాటిన మహారాణి వెండి అడకత్తెరతో వక్క కత్తిరించుకుంటూ అడిగింది.

"ఏరా పోలనా, పొద్దుటినుంచీ ఆ భుజాలు బాదుకోవడమేమిటి? దోమలా?"

కాదని చెప్పి, అతను ఉన్న సంగతి చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. మేనాలోనే ఒత్తిగిల్లి నీళ్ళవైపు చూసింది. తర్వాత, పొద్దు నెత్తి దాటిందనీ, కోటవైపు గట్టు విడివిడి రాళ్ళే కాబట్టి ఈడ్చుకుపోవడానికి వీలుండదనీ, ఏదైనా ఉపాయం తడితే చెప్పమనీ మెల్లగా అంది. తట్టకపోయినా తప్పు లేదంది. కొంగున కట్టుకున్న వేయించిన సెనగలు అతని చేతిలో పోసింది. అన్నీ అతనికే ఇచ్చేసి, తనకు పళ్ళు లేవని సాకు చెప్పింది.

పోలన ఆ సెనగలు నములుతుండగానే నీళ్ళ మీద ఒక పుట్టి కనిపించింది. తోసేవాడు లేడు, తెడ్డు లేదు. గంపలాంటి ఆ గుండ్రటి పుట్టిలో నిలువునా నిలబడి ధూమ్రకంఠుడు వస్తున్నాడు. ఒంటినిండా విబూది, మెడ కుండ మూతిలా ఉబ్బి ఉంది, ఊపిరి వదిలినప్పుడల్లా ముక్కుల్లోంచి నీలిపొగ. దిబ్బకు కూతవేటు దూరంలో పుట్టి ఆగింది.

ముందుగా తన గొప్ప చూపించాలని అతనికి బుద్ధి పుట్టింది. గొప్పవాళ్ళు చాలామంది అక్కడే దెబ్బతింటారు. పైన ఆకాశంలో ఒక గద్ద తిరుగుతోంది. మాంత్రికుడు దానివైపు చూడనైనా చూడలేదు. నీళ్ళలో తిరుగుతున్న గద్ద నీడవైపు చూసి గులకరాయి విసిరాడు. రాయి నీడకు తగిలింది. ఆకాశంలోని గద్ద రెక్క విరిగి గిరగిరా తిరుగుతూ వచ్చి మడుగులో పడింది.

ఒంటిని తీసేసి నీడను నిలిపిన క్షణం నుంచీ ఈ మడుగులో నీడదే పెత్తనమని అతను విప్పి చెప్పాడు. నీడకు ఏం జరిగితే మనిషికీ అదే. పోలనను కొట్టడానికి తను దిబ్బ మీదికి రానక్కరలేదు. అయినా చంపడానికి రాలేదనీ, వరం ఇవ్వడానికి వచ్చాననీ గొంతు మెత్తబరిచాడు.

"దాని ఒళ్ళు ఇక రాదురా బోయీ. వచ్చే దారి లేదు. కానీ నీ ఒళ్ళు పోయే దారి ఉంది. నీ అంతట నువ్వు నీళ్ళలోకి ఒక్క అడుగు వెయ్యి. నేను పీల్చుకుంటాను, నీ నీడ దాని పక్కన ఉండిపోతుంది. ముసలితనం ఉండదు, ఎడబాటు ఉండదు. రెండు నీడలు కలిస్తే ఒకటే నీడ. బయట ఉండి వందేళ్ళు కుమిలినా నీకు దొరకనిది ఒక్క అడుగులో దొరుకుతుంది."

అబద్ధమైతే తోసిపుచ్చడం తేలిక. ఇది అబద్ధం కాదు, అదీ కష్టం. పోలన నీళ్ళలోకి చూశాడు. ఆమె పక్కనే తన నీడ ఉంది, ఆ నీడకూ ఆమెకూ మధ్య వేలెడు జాగా లేదు. అతని కుడికాలు తనకు తెలియకుండానే పైకి లేచింది. మేనాలో మహారాణి చేతిలో అడకత్తెర ఆగిపోయింది. వద్దని ఆవిడ అనలేదు. ఒకరి బతుకును మరొకరు బేరమాడకూడదని ఆవిడ పద్ధతి.

నీళ్ళలో చెంగల్వ మళ్ళీ కుడిభుజం తట్టింది. ఈసారి ఆమె పక్కన లేదు. లేచి నడిచి వెళ్ళి, నీళ్ళలో కనిపిస్తున్న మేనా ముందుకు వచ్చి, అక్కడ నిలబడి తట్టింది. అతనికి వీపు పెట్టి, ఏడాది పాటు నిలబడినట్టే నిలబడి తట్టింది.

పోలన కాలు గాలిలో ఆగిపోయింది. నీడకు ఏం జరిగితే మనిషికీ అదే అన్నాడు వీడు. మరి నీళ్ళలో మేనాను నీడ ఎత్తితే?

ఎంత మొద్దుబుర్ర తనది. మొన్నటినుంచీ ఆ పిల్ల బెంగ గురించి చెప్పడం లేదు, పని గురించి చెబుతోంది. దండె నా భుజాన పెట్టరా అంటోంది. తనేమో ఎదురుగా కూర్చుని గుండెలు బాదుకున్నట్టు భుజం బాదుకున్నాడు. ముందుబోయీ ఎత్తమని తట్టినా ఎత్తకుండా కూర్చున్న వెనకబోయీ తమ కులంలో తనొక్కడే అయి ఉంటాడు.

అతను కాలు వెనక్కి తీసుకున్నాడు. మేనా వెనక్కి వెళ్ళి వంగి దండె కింద భుజం చేర్చాడు. మాంత్రికుడు నవ్వసాగాడు.

ఎదర ఎవరూ లేరు. ఉత్త గాలి. కానీ దండె మీద, ఆ కొస నుంచి, రెండు చిన్న తట్లు పోలన భుజం ఎముకలోకి వినబడ్డాయి. ముందు దండె పైకి లేచింది. వెంటనే వెనక దండె లేచింది. పగడపు తెరల మేనా రాతిదిబ్బ మీద నుంచి నడుమెత్తు పైకి లేచి, గాలిలో తూగి, నిలిచింది. మాంత్రికుడి నవ్వు గొంతులోనే మిగిలిపోయింది.

"పద నాయనా," అంది మహారాణి తెర వెనక నుంచి, "పదమ్మా."

కోటవైపు గట్టు రాళ్ళు చీలమండ లోతు నీళ్ళ కింద ఉన్నాయి. ఎండకు తళతళలాడే నీటి మీద నుంచి చూస్తే ఒక్కటీ కనబడదు. పై నుంచి చూసేవాడికి కదా ఆ మెరుపు అడ్డం. చెంగల్వ నీళ్ళ లోపలి నుంచి చూస్తోంది. దండె ఎడమకు ఒరిగింది, పోలన ఎడమకు అడుగు వేశాడు, కాలి కింద రాయి ఉంది. దండె కొంచెం కుంగింది, అతను మోకాలు వంచాడు, పల్లంలో ఇంకో రాయి ఉంది. చూపు నీళ్ళ మీదే పెట్టి నడుస్తున్నాడు. నీళ్ళలో తలకిందులుగా మేనా, మేనా ముందు ఆమె, జుట్టు ముడి బిగించి, తూగుతూ నడుస్తోంది.

ఒకటే భయం. కాలు గట్టిగా పడితే నీళ్ళు చెదురుతాయి. నీళ్ళు చెదిరితే ఆమె చెదురుతుంది. మెల్లగా వెళితే పొద్దు ఆగదు. అయితే బోయీల పిల్లలకు మొదట నేర్పే పాఠమే అది. ఖాళీ మేనాలో నిండు పాలగిన్నె పెట్టి పరుగెత్తమంటారు, ఒక్క చుక్క ఒలికితే ఆ పూట కూడు లేదు. చిన్నప్పుడు ఎన్ని పూటలు పస్తున్నాడో పోలనకు గుర్తు లేదు గానీ, ఆ పస్తులన్నీ ఇప్పుడు అక్కరకొచ్చాయి. అతని పాదం నీళ్ళలో దిగడం చేప దిగినట్టుంది. రాళ్ళ మధ్య ఒంటికాలి మీద నిలబడిన ఒక కొంగ, మేనా పక్కనుంచే పోతున్నా, బెదిరి రెక్కలు కొట్టకుండా అలాగే నిలబడింది. దానికి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ధూమ్రకంఠుడు తేరుకున్నాడు. పుట్టిని మేనా వెంట తోలుతూ మొదటి రాయి చెంగల్వ మీద విసిరాడు. రాయి సరిగ్గా ఆమె నీడ నడుమ పడింది. ఆమె వంద ముక్కలైంది. ముందు దండె ఒక్కసారిగా కుంగింది, తెర పక్కకు జారింది, మహారాణి కాలి మెట్టెలు నీటి మీదికి వేలాడాయి. పోలన దండెను రెండు చేతులా బిగించి పట్టాడు. కానీ ఒళ్ళు లేనిదాన్ని రాయి ఏం చేస్తుంది? ముక్కలు ముక్కలు వెతుక్కుంటూ వచ్చి కలిశాయి. దండె మళ్ళీ లేచింది. మాంత్రికుడు మళ్ళీ విసిరాడు, మళ్ళీ విసిరాడు. ఒక దెబ్బ నుంచి తేరుకోకముందే ఇంకో దెబ్బ. నీళ్ళలో ఇప్పుడు ఆమె ముఖం లేదు, వీపు లేదు, అన్నీ చెదిరిన వెలుగు తునకలే.

చూడలేక పోలన కళ్ళు మూసుకున్నాడు.

మూసుకోగానే దండె వినబడింది. ముక్కలైన ఆమెలో ప్రతి ముక్కా మోస్తోంది. కుంగుతోంది, లేస్తోంది, రాయి ఎక్కడుందో చెబుతోంది. ఎత్తు వచ్చిన చోట తన వాటాకన్నా కాస్త ఎక్కువ తీసుకుంటోంది. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ వేలెడు జాగా అడ్డమనిపించిందే, అదిప్పుడు ఎక్కడా లేదు. ఊపిరి తీసింది తానో ఆమో, బరువు ఏ భుజం మీద ఉందో, ఎవరి కాలు ముందు పడిందో విడదీసి చెప్పడం అతని వల్ల కాలేదు. మనిషికీ మనిషికీ మధ్య ఇంతకన్నా దగ్గర ఉంటుందని ఎవరైనా చెబితే అతను నమ్మేవాడు కాడు.

అప్పుడు మాంత్రికుడికి తెలివి వచ్చింది. చెంగల్వను వదిలేసి పోలన నీడను కొట్టాడు. పోలన కుడిభుజం మీద చర్మం చిట్లి నెత్తురు కారింది. అడుగు తడబడింది, దండె మాత్రం జారలేదు. ఈసారి కణతకు గురి చూస్తూ మాంత్రికుడు పుట్టి అంచున ముందుకు వంగాడు. వంగేసరికి అతని నీడ కూడా నీళ్ళలోకి పూర్తిగా వచ్చింది, ఉబ్బిన మెడతో సహా.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. ఇక్కడ ఆ తన్నేది డెబ్బై దాటిన ముసలమ్మ. మేనా తెర తొలిగింది, మహారాణి చెయ్యి ఊపిన ఊపుకు వెండి అడకత్తెర ఎండలో మెరిసి, నీళ్ళలో ఆ నీడ మెడకు సూటిగా తగిలింది.

పైన ధూమ్రకంఠుడు రెండు చేతులా గొంతు పట్టుకున్నాడు. నోటినుంచి మంత్రం రాలేదు, పొగ వచ్చింది. మొన్న మింగిన పొగంతా సన్నటి తెల్లని తీగలా సాగి పైకి లేచింది. పుట్టి గిరగిరా తిరిగి అతన్ని ఉత్తరపు రెల్లుగడ్డిలోకి ఈడ్చుకుపోయింది.

ఆ తెల్లటి పొగ నేరుగా ఆకాశానికి పోలేదు. ఒకసారి కిందికి దిగింది. నెత్తురు కారుతున్న పోలన భుజాన్ని చల్లగా, తడిగుడ్డ వేసినట్టు, ఒక్క చుట్టు చుట్టింది. ఆపైన విడిపోయి, పలచబడి, మబ్బుల్లో కలిసింది. ఒళ్ళు తిరిగి వచ్చే ఆశ ఏదైనా ఉంటే అది అక్కడితో సరి. పోలనకు అది తెలిసింది. దండె ముందుకు లాగింది. అతను నడిచాడు.

కోట తూర్పురేవు చేరేసరికి పొద్దు బురుజు భుజానికి దిగింది. నీళ్ళు తోడుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు, ముందు ఎవరూ లేకుండా వస్తున్న మేనాను చూసి బిందెలు వదిలి పరుగు లంకించుకోబోయారు. మహారాణి తెర తీసి ముఖం చూపించింది. పరుగు ఆగింది. కానీ మేనా కూడా ఆగింది. రేవు మెట్ల దగ్గర నీళ్ళు అయిపోయాయి. నీళ్ళు లేనిచోట చెంగల్వ లేదు. ముందు దండె మెట్టును ఆనుకుని, ఒక పక్కకు ఒరగసాగింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు దాన్ని పట్టబోతే మహారాణి వారించింది. బయలుదేరిన బోయీలే చివరిదాకా మొయ్యాలని కట్టుబాటు. రాజవీధి ఎదురుగా తిన్నగా సాగి ఉంది, ఎండకు ఎండిన నల్లరాతి పలకలు.

ఆడవాళ్ళలో ముదురు ఆకుపచ్చ చీర కట్టిన పెద్దావిడ ఒకామె నీళ్ళలోకి వంగి చూసింది. అక్కడ మెట్టు అంచున, భుజాన దండెతో, ముందుకు పోవడానికి జాగా లేక నిలబడిపోయిన పిల్లను చూసింది. ఎవరమ్మా అని అడగలేదు. తన నిండుబిందె ఎత్తి మెట్ల మీద గుమ్మరించింది. నీళ్ళు పలుచగా పరుచుకుని రాయి అద్దమైంది. ఆ అద్దంలోకి ఒక పాదం వచ్చి నిలిచింది.

"పొయ్యండే," అంది పెద్దావిడ వెనక్కి తిరిగి. "ఆ బిడ్డకు దారి పొయ్యండి."

రేవులో ఉన్న బిందెలన్నీ లేచాయి. ఒకామె పోసి పక్కకు తొలిగితే ఇంకొకామె ముందుకు ఉరికి పోసింది. రేవు నుంచి వీధి పొడుగునా చేతులు మారుతూ బిందెలు పరుగెత్తాయి. ఊరంతటికీ ఆ మడుగు నీళ్ళే. అరుగుల మీద నుంచి ముసలివాళ్ళు చెంబులు అందించారు, కొట్లలోంచి కడవలు వచ్చాయి, గాడిద మీద నీళ్ళతిత్తులు మోసుకుపోతున్న చాకలి ఒకడు తిత్తుల మూతులే విప్పేశాడు. ముందు ఎవరూ లేని మేనా రాజవీధిలో నడిచింది. తడి పలకల్లో మాత్రం జుట్టు ముడి బిగించిన పిల్ల ఒకతె తూగుతూ నడిచింది. ఆమెను తొక్కకుండా జనం రెండు పక్కలకూ ఒదిగారు. ఎవరో బోయీల కేకలా ఓహోం అన్నారు. తర్వాత వీధంతా ఓహోం అంది. ధూమ్రకంఠుడి కావలివాళ్ళు ఈటెలు ఎత్తారు గానీ, వీధికి అటూ ఇటూ నిండిన ఆ గొంతులు విని, ఎత్తిన ఈటెలు ఎలా దించాలో తెలియక గోడలకు ఆనించి తప్పుకున్నారు.

సభామంటపంలో సింహాసనం ముందు చివరి బిందె ఒలికింది. దండె మీద ఒక్క తట్టు. మేనా ఆగింది. కుముద్వతీదేవి మేనాలోంచి నేరుగా సింహాసనం మీదికి, నేల తగలకుండా, చిన్నపిల్లలా గెంతింది. ఆవిడ ఇంకా సర్దుకుని కూర్చోకముందే బురుజు మీద నగారా మోగింది. ఊరు ఊరంతా అరిచిన అరుపుకు మంటపం కప్పులోని పావురాలన్నీ ఒక్కసారి లేచాయి.

పోలన ఆ అరుపు వినలేదు. పడమటి ద్వారంలోంచి గుంకే పొద్దు చివరి ఎండ ఏటవాలుగా వచ్చి రాతినేల మీద పడుతోంది. మేనా ముందు చెలమలా నిలిచిన నీరు అంచులనుంచి ఆరిపోతోంది. అతను తలపాగా విప్పి రెండు చేతులా పట్టుకుని దానికి నీడ పట్టాడు. చెంగల్వ అందులో కూర్చుని ఆయాసం తీర్చుకుంటోంది. నవ్వుతోంది. పని పూర్తయ్యాక బోయీలు నవ్వే నవ్వు, అలసట తీరకముందే వచ్చేది. అతనూ నవ్వాడు. చెయ్యి చాచలేదు. చాచాలని కూడా అనిపించలేదు.

మంత్రులు, దండనాయకులు ఒకరొకరే దండం పెట్టడానికి వస్తున్నారు. అందరూ ఆ చెలమ దగ్గరికి వచ్చేసరికి పంచె కుచ్చెళ్ళు ఎత్తుకుని పక్కగా తిరిగి వెళుతున్నారు. ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. వింజామర వీచేవాడు గాలికి నీళ్ళు ఆరతాయని వీచడం మానేశాడు. ఆకుపచ్చ చీర పెద్దావిడ ఎక్కడినుంచో చెంబు తెచ్చి, చెలమ అంచున కొంచెం కొంచెంగా పోసి వెళ్ళింది.

మహారాణి పోలనను పిలిచి ఏం కావాలో కోరుకోమంది. ఈ మంటపంలో ఒక రాయిని గుంటగా తొలిపించి, అందులో మడుగు నీళ్ళు ఎప్పుడూ ఉండేట్టు చూడమని అడిగాడు. అంతేనా అని ఆవిడ అడిగింది. అంతేనన్నాడు. ఆవిడ ఆ మాటకు బదులు చెప్పబోతుండగా ఉత్తరద్వారం వైపునుంచి కొమ్ము ఊదిన చప్పుడు వినబడింది.

భటుడు రొప్పుతూ వచ్చాడు. ధూమ్రకంఠుడికి గొంతు పోయినా ప్రాణం పోలేదు. రెల్లుగడ్డిలో దాచి ఉంచిన సేన మొత్తం తీసుకుని కోటగోడ కిందికి వచ్చాడు. లోపల రాణి సింహాసనం ఎక్కిన మాట అబద్ధమని తన మనుషులతో చాటిస్తున్నాడు. గోడ మీది సైనికులు ఎవరిని నమ్మాలో తెలియక కత్తులు సగం దూసి నిలబడి ఉన్నారు. రాణిని కళ్ళారా చూస్తే తప్ప వాళ్ళు యుద్ధం చెయ్యరు.

కుముద్వతీదేవి లేచి నిలబడింది. ఉత్తరపు బురుజు మెట్లు చాలా ఎత్తు. ఇప్పుడు ఆవిడ నేల తొక్కవచ్చు, కట్టుబాటు తీరిపోయింది. కానీ ఆ మోకాళ్ళు అన్ని మెట్లు ఎక్కలేవని సభలో అందరికీ తెలుసు.

ఎవరూ ఏమీ అడగకముందే మంటపం గుమ్మం దగ్గర బిందెలు చప్పుడయ్యాయి. ఆడవాళ్ళు కొంగులు బిగించి, ఉత్తరద్వారం దారిలో అప్పుడే నీళ్ళు గుమ్మరించుకుంటూ పరుగెత్తుతున్నారు. పోలన నెత్తురంటిన భుజాన తలపాగా మడిచి పెట్టుకుని మేనా వెనక్కి వెళ్ళాడు. అతను వంగి భుజం చేర్చేలోగానే ముందు దండె పైకి లేచింది.